చల్లబడని ఫ్రిజ్‌లో మిరప నారు

మిద్దెతోట పెంచేవాళ్లకి జనవరి ఇరకాటపు నెల. ఎండలు ముదరకముందే కాపు చూడాలంటే మిరప, వంగ, టమాటా నారు అప్పుడే పోసుకోవాలి. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో పగలు 28 డిగ్రీలున్నా తెల్లవారుజామున 12, 13కి దిగిపోతుంది. మేం ఊరి అంచున ఉంటాం, చలి ఇంకాస్త గట్టిగానే ఉంటుంది.

విత్తనాలు అసలు మొలవవని కాదు. మొలుస్తాయి. కాకపోతే ఒక్కో గింజ దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మొలుస్తుంది. నా గొడవంతా అదే. ఒకే ట్రేలో ఒకే రోజు పెట్టిన మిరప గింజల్లో కొన్ని నాలుగాకుల మీదుంటే, కొన్ని అప్పుడే తల ఎత్తుతుంటాయి. పెద్దవాటికి ఎండ కావాలి, చిన్నవి ఆ ఎండకి వాడిపోతాయి. పెద్దవాటికి చాలినన్ని నీళ్లు పోస్తే చిన్నవి మొదట్లోనే కుళ్లిపోతాయి. మనం ప్యాకెట్ మీద మొలక శాతం చూసి కొంటాం. మిరపకి కనీసం 60, టమాటాకి 70 ఉండాలని ధ్రువీకరణ ప్రమాణాలు చెబుతాయి. ఆ మొలిచేవి కూడా ఒకేసారి మొలుస్తాయా, నెలంతా సాగుతాయా అన్నది ఏ ప్యాకెట్ మీదా రాసి ఉండదు.

అది మన దగ్గరున్న వేడిని బట్టి ఉంటుంది. మిరప 15 డిగ్రీల దగ్గర మట్టిలోంచి బయటికి రావడానికి 25 రోజుల దాకా పడుతుంది. 20 దగ్గర 13 రోజులు. 25 నుంచి 30 మధ్య ఉంచితే 8 రోజులే. టమాటా 15 దగ్గర రెండు వారాలు, 25 దగ్గర 6 రోజులు. ఇంకా వేడి పెంచితే ఇంకా త్వరగా వస్తుందనుకోవద్దు, 35కి పోతే మళ్లీ ఆలస్యమే. వంగకి 30 దగ్గర బాగుంటుంది. బీర, సొర, దోస కూడా ఆ వేడినే కోరుకుంటాయి. కాకర మరీ మొండిది. చల్లటి తడి మట్టిలో పెడితే మొలవడం మానేసి లోపలే కుళ్లిపోతుంది. మా డాబా మీద పగటి వేడికి గింజ లేవబోతుంది, రాత్రి చలికి మళ్లీ ముడుచుకుంటుంది. రాత్రీ పగలూ ఒకే వేడి ఉండే చోటు దొరికితే చాలనిపించింది.

సరిగ్గా అప్పుడే మా సింగిల్ డోర్ ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. 165 లీటర్లది, పెళ్లినాటిది. మెకానిక్ వచ్చి చూసి, "గ్యాస్ నిలుస్తలేదక్కా. లోపలెక్కడో లీకున్నది. నింపితే మళ్ల పోతది, పైసలు దండగ. స్క్రాప్‌కి ఇచ్చేయుండ్రి" అన్నాడు. స్క్రాప్ అతను చెప్పిన ధర వింటే ఏడుపొచ్చింది. ఇనుము, రాగి తప్ప మిగతాదానికి విలువ లేదట. ఆ మిగతాదే నాకు కావాల్సింది. రెండు పొరల మధ్య పాలీయురేథేన్ ఫోమ్ నింపిన గోడలు, అయస్కాంతం రబ్బరుతో గట్టిగా అతుక్కునే తలుపు. బయటి వేడిని లోపలికి రానివ్వని గోడ లోపలి వేడిని బయటికి కూడా పోనివ్వదు కదా. ఇంత మంచి పెట్టె కొత్తగా చేయించాలంటే ఎంతవుతుంది?

మెకానిక్‌ని మళ్లీ పిలిచి, కంప్రెషర్, లోపలి ఫ్రీజర్ డబ్బా తీసేయమన్నాను. "తీసి ఏం జేస్తరక్కా?" అన్నాడు. "మిరప నారు పోస్తా" అన్నాను. నవ్వాడు గానీ పని శ్రద్ధగా చేశాడు. కూలి కింద కంప్రెషర్ తనే తీసుకెళ్లాడు.

ఈ ఒక్క పని మాత్రం మీరు సొంతంగా చేయకండి. వెనక ప్లేటు మీద ఏ గ్యాసో రాసి ఉంటుంది. ఆర్‌600ఏ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, మంటకి అంటుకునే రకం. గొట్టం కోసేటప్పుడు దగ్గర్లో నిప్పురవ్వ లేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆర్‌134ఏ అంటుకోదు, కానీ గాలిలో కలిస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. మాది రెండో రకం. ఎంత మిగిలిందో చూసుకుని, దాన్ని తీశాకే గొట్టాలు కోశాడతను.

ఇంకొకటి కూడా అతనే చెప్పాడు. పక్క గోడలకి డ్రిల్ పెట్టొద్దట. చాలా ఫ్రిజ్‌లలో వేడి బయటికి పంపే గొట్టాలు ఆ రేకు వెనకే పాకి ఉంటాయి. నాకు డ్రిల్ అవసరం కూడా రాలేదు. ఫ్రీజర్ డబ్బా గొట్టం లోపలికి వచ్చిన కన్నం వెనక గోడకి పైన ఎలాగూ ఉంది. వైర్లన్నీ దాంట్లోంచే పంపి, చుట్టూ ఎం-సీల్ పెట్టి పూడ్చేశాను. వైరు ఆ కన్నం దగ్గరికి వచ్చేముందు కొంచెం కిందికి వేలాడి, మళ్లీ పైకెళ్లేలా వదిలాను. లోపల వైరు మీద పట్టిన తేమ వేలాడిన చోటే బొట్లుగా రాలిపోతుంది, కన్నం దాకా పాకదు.

పెట్టెని మెట్ల గదిలో నిలబెట్టాం. ఎండ తగలదు, వాన తడపదు. పాత ఫ్రిజ్ వాసన వంటసోడా నీళ్లతో కడిగి, తలుపు తీసి ఎండబెడితే పోయింది. తలుపుకి చిన్న గొళ్లెం, తాళం పెట్టించాను. అయస్కాంతం తలుపు లోపల్నుంచి తోస్తే తెరుచుకుంటుంది నిజమే, అయినా దాగుడుమూతలాడే పిల్లలున్న బిల్డింగ్‌లో వాడని ఫ్రిజ్‌ని తాళం లేకుండా ఉంచకూడదు.

అద్దం అరలు తీసేసి తీగ అరలే ఉంచాను. అద్దం ఉంటే గాలి కింద నుంచి పైకి ఆడదు. తర్వాత ట్రే తెచ్చి పెట్టబోతే పట్టలేదు. నర్సరీల్లో వాడే 98 గుంటల ప్రోట్రే 54 సెంటీమీటర్ల పొడవుంటుంది, మన సింగిల్ డోర్ ఫ్రిజ్ లోపలి వెడల్పు 45కి అటూ ఇటూ. పొడవు వైపున్న 14 వరసల్లో మూడింటిని కత్తెరతో కత్తిరించేస్తే 77 గుంటల ట్రే అవుతుంది, హాయిగా పడుతుంది. కత్తిరించిన ముక్క తులసి, బంతి లాంటివాటికి పనికొస్తుంది.

ఇప్పుడు వేడి సంగతి. నాటుకోడి గుడ్లు పొదిగించేవాళ్లు పెట్టెలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడతారు. గుడ్లకి బాగుంటుంది. నారుకి బల్బు నాకు నచ్చలేదు. ఒకటి, పొడి వేడి, పై ట్రే బల్బు దగ్గర ఎండి అట్టకడుతుంది. రెండోది, తడి పెట్టెలో పైనుంచి ఒక్క చల్లటి నీటిబొట్టు వేడి బల్బు మీద పడిందంటే పగులుతుంది. పైగా ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది. అందుకని చేపల తొట్టెలో వాడే హీటర్ తీసుకున్నాను, 100 వాట్లది. పూర్తిగా నీళ్లలో మునిగే రకం. అడుగున కూరగాయల డబ్బా ఉంటుంది చూడండి, దాన్నే నీళ్ల తొట్టి చేశాను. హీటర్ దాంట్లో అడ్డంగా పడుకుంటుంది. వేడికి వేడి, తేమకి తేమ. ట్రేల మీద పొద్దస్తమానం నీళ్లు చల్లే పని తప్పుతుందని ఆశ.

వేడిని అదుపు చేయడానికి ఒక కంట్రోలర్ కావాలి. ఫ్రిజ్‌లో ఉండే పాత నాబ్ చల్లదనం కోసం చేసింది, 28 డిగ్రీల ఊసే దానికి తెలీదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఎస్‌టీసీ-1000 అనే కంట్రోలర్ అడిగితే, షాపాయన "కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌కా మేడమ్?" అన్నాడు. దాని కోసం వచ్చేవాళ్లంతా వాళ్లేనట. "12 వోల్టులదా, 220దా, డబ్బా మీద చూసుకుని తీసుకోండి. రెండూ ఒకేలా ఉంటాయి. 12దానికి ఇంటి కరెంటు ఇచ్చి కాల్చుకొస్తుంటారు" అని హెచ్చరించాడు. అయిదారు వందల్లో వచ్చేస్తుంది. దాంట్లో రెండు రిలేలుంటాయి, అంటే వాటంతటవే పడి ఆరే స్విచ్చులు, ఒకటి వేడికి, ఒకటి చల్లదనానికి. మీ ఫ్రిజ్ కంప్రెషర్ ఇంకా బతికే ఉంటే రెండూ వాడుకోవచ్చు. నాకు వేడి రిలే ఒక్కటే పని.

సెట్టింగ్ తేలిక. ఎఫ్1లో కావాల్సిన డిగ్రీలు, నాది 28. ఎఫ్2లో ఎంత తగ్గితే మళ్లీ వెలగాలో, నేను ఒక డిగ్రీ పెట్టాను. 27కి వస్తే హీటర్ వెలుగుతుంది, 28 దగ్గర ఆరిపోతుంది. ఎఫ్3 కంప్రెషర్ ఆగాక మళ్లీ వెంటనే మొదలవకుండా ఆపి ఉంచడానికి, నాకు అక్కర్లేదు. ఎఫ్4తో సెన్సార్ తప్పు చూపిస్తే సరిచేసుకోవచ్చు. గోరువెచ్చటి నీళ్లలో సెన్సార్‌నీ, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌నీ పక్కపక్కనే ముంచి పోల్చాను. తేడా ఎంతుంటే అంత ఎఫ్4లో వేస్తే సరి.

వైరింగ్ మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించాను. నీళ్లు, ఇనుము, కరెంటు మూడూ ఒకే పెట్టెలో ఉన్నాయి మరి. బయటి ఇనుప రేకుకి ఎర్త్, లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), అతుకులన్నీ ఫ్రిజ్ బయటే. కంట్రోలర్ కూడా బయటే, ఫ్రిజ్ నెత్తిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకడం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

మొదటిసారి వెలిగించినప్పుడు చిత్రం జరిగింది. గంటలు గడుస్తున్నా లోపలి గాలి 24 దాటట్లేదు. కంట్రోలర్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, అంటే అది హీటర్‌కి కరెంటు పంపుతూనే ఉంది. హీటర్ మీద చిన్న లైటు మాత్రం ఆరిపోయి ఉంది. నీళ్లలో థర్మామీటర్ ముంచితే 33. అప్పుడు వెలిగింది బుర్రలో. చేపలు ఉడికిపోకుండా ఈ హీటర్లకి సొంత కట్-ఆఫ్ ఉంటుంది, ఎంత పైకి తిప్పినా 33, 34 దగ్గర ఆగిపోతాయి. నీళ్లు ఆ వేడిలోనే ఉండి, కదలని గాలికి వేడి అందించలేకపోతున్నాయి. హీటర్ చాలక కాదు. ఇంత మందం గోడలున్న పెట్టెని చలి రాత్రి 28 దగ్గర ఉంచడానికి 30 వాట్లు నిలకడగా అందితే చాలు.

పాత కంప్యూటర్ డబ్బాలోంచి పీకిన 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి ఇంట్లో పడి ఉంది. పాత రౌటర్ అడాప్టర్‌కి కలిపి, నీళ్ల మీద అడ్డంగా గాలి ఆడేలా తొట్టి అంచున తీగతో కట్టాను. అంతే. సాయంత్రానికి 28 అందుకుంది. నీళ్ల మీద గాలి కదిలితే ఆవిరి ఎక్కువ లేస్తుంది, ఆ ఆవిరే వేడిని మోసుకెళ్తుంది. ఇంకో లాభం కూడా కనిపించింది. ఫ్యాన్ లేనప్పుడు పై అరకీ కింద అరకీ నాలుగైదు డిగ్రీల తేడా ఉండేది, ఇప్పుడు ఒక డిగ్రీ కూడా లేదు. ఒకేసారి మొలవాలన్న నా పట్టుదలకి అసలు సాయం చేసింది హీటర్ కన్నా, కంట్రోలర్ కన్నా ఈ చెత్తబుట్ట ఫ్యానే. గాలి నేరుగా ట్రేలకి కొట్టకుండా మాత్రం చూసుకోవాలి.

సెన్సార్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చర్చ. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసినప్పుడల్లా కంగారుపడి హీటర్ వెలిగిస్తుంది. నిండు ట్రేలో గుచ్చితే మరీ మందకొడిగా, వేడి దాటిపోయాక గానీ మేలుకోదు. చిన్న టీ కప్పులో తడి కోకోపీట్, అంటే ట్రేలలో మట్టికి బదులు వాడే కొబ్బరి పీచు పొడి నింపి, దాంట్లో గుచ్చి మధ్య అరలో పెట్టాను. గింజకి ఎంత వేడి తగులుతోందో దానికీ అంతే తగులుతుంది.

పైకప్పు నుంచి నీళ్లు కారడం చాలా విసిగించింది. ఆవిరి పైకెళ్లి, ఫ్రీజర్ డబ్బా ఉన్న చోట చల్లబడి, టప్ టప్‌మని పై ట్రే మీదే పడుతుంది. రోజూ అవే గుంటల మీద. కోకోపీట్ గుంటపడి గింజ పైకి తేలిపోతుంది. పై అర మీద ప్లాస్టిక్ షీటు ఒకటి వెనక్కి వాలుగా కట్టాక నీళ్లు వెనక గోడ మీదుగా కిందికి జారి తొట్టిలోకే పోతున్నాయి. తొట్టిలో నీళ్లు కూడా అంత త్వరగా తరగడం లేదు. అయినా రోజూ చూడాల్సిందే. హీటర్ నీళ్లలోంచి తేలిందంటే గాజు పగులుతుంది.

ఇక గింజలు. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం రకం ఎల్‌సీఏ 334 మిరప, భాగ్యమతి వంగ, టమాటాలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్, కొన్ని స్నేహితులిచ్చిన నాటు విత్తనాలు. కోకోపీట్ నానబెట్టి, గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఈ పెట్టెలో తడి ఆరిపోదు కాబట్టి బయట పెట్టే ట్రేల కంటే తక్కువ తడితోనే మొదలుపెట్టాలి. కుళ్లు తెగుళ్లని అడ్డుకునే మేలురకం శిలీంధ్రం ట్రైకోడెర్మా పొడి కొంచెం కలిపాను. కాకర గింజ మూతిని గోళ్ల కత్తెరతో కాస్త గిల్లి, రాత్రి నానబెట్టి పెట్టాను.

మొదటి ట్రేలు పెట్టిన రోజు మా అత్తయ్య మోకాళ్ల నొప్పితోనే మెట్లెక్కి వచ్చి చూశారు. వాళ్లది నల్గొండ వైపు వ్యవసాయ కుటుంబం. తలుపు తీసి లోపలికి చెయ్యి పెట్టి, వెచ్చదనం తగలగానే, "ఇది మన వడ్లు మండె కట్టినట్టే ఉన్నది గదా బిడ్డా" అన్నారు. నిజమే. వడ్లని 24 గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, గోనెసంచుల్లో కట్టి పైన గడ్డి కప్పి బరువు పెడతారు. లోపల తడి ఉంటుంది, గడ్డి వేడిని పోనివ్వదు. హీటర్ పని గింజలే చేస్తాయి. మొలకెత్తే గింజ ఊపిరి పీలుస్తుంది, ఆ ఊపిరికి వేడి పుడుతుంది. మరుసటి రోజుకి గింజ ముక్కు పగులుతుంది. "మా మామ చెయ్యి పెట్టి చూసేటోడు. చెయ్యి కాలేటట్టుంటే సంచి తిప్పేసి నీళ్లు చల్లేటోడు, లేకుంటే మండె ఉడికిపోతది" అన్నారు. ఎస్‌టీసీ-1000 చేసే పని ఆయన అరచెయ్యి చేసిందన్నమాట. మండెకి బస్తాల కొద్దీ వడ్లు కావాలి. నా చిటికెడు మిరప గింజలు పుట్టించే వేడి దేనికీ చాలదు, అందుకే ఈ హంగామా.

టమాటా నాలుగో రోజుకే కనిపించింది. మిరప వారం తిరిగేసరికి వచ్చింది. నాకు సంతోషం వేసింది ఆ వేగానికి కాదు. మిరప ట్రేలో మొదటి మొలకకీ, చివరి మొలకకీ మధ్య తేడా రెండు రోజులకి మించలేదు. అంతకుముందు ఆరుబయట పోసిన ట్రేలలో ఆ తేడా వారాల్లో ఉండేది. కాకర కూడా జనవరిలో లేచింది, మా డాబా మీద అలాంటిది చూడటం అదే మొదలు.

ఈ పెట్టెతో వచ్చే అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మొలక కోకోపీట్‌లోంచి బయటపడేటప్పుడు నిటారుగా రాదు, మెడ వంచి కొంకిలాగా వస్తుంది. ఆ కొంకి కనిపించగానే ట్రే బయటికి తీయాలి. తల ఎత్తి ఆకులు విప్పేదాకా ఆగకూడదు. లోపల చీకటి, వెచ్చదనం, తేమ మూడూ ఉన్నాయి. సాయంత్రం కొంకిగా ఉన్న టమాటాని రాత్రంతా లోపలే ఉంచితే తెల్లారేసరికి తెల్లటి దారంలా సాగి పక్కకి ఒరిగిపోతుంది. అలా సాగినదాన్ని తర్వాత ఎంత ఎండలో పెట్టినా కాండం గట్టిపడదు. అందుకే పొద్దున్న ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి టార్చి పట్టుకుని చూడటం అలవాటు చేసుకున్నాను. మొలకెత్తే రోజుల్లో మధ్యాహ్నం కూడా. ఆఫీసుకి వెళ్లే రోజుల్లో ఇదో టెన్షన్. తలుపు తీసినప్పుడు లోపలికి కొత్త గాలి కూడా వెళ్తుంది, గింజకి అదీ కావాలి. రబ్బరు అంత బిగుతుగా ఉంటుంది మరి.

గుంటలన్నీ మొలిచేదాకా ఆగాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. సగం కొంకులు కనిపిస్తే చాలు, తీసేయండి. మిగతావి అప్పటికే లోపల ముక్కు పగిలి ఉంటాయి, బయట ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తాయి. వేర్వేరు పంటలు ఒకే ట్రేలో వేయకూడదన్న సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. టమాటా తీయాల్సిన రోజుకి మిరపలో చలనమే ఉండదు.

బయటికి తీశాక వెంటనే డాబా మీద ఎండలో పెట్టేయకూడదు. 28 నుంచి తెల్లవారుజాము 13కి ఒక్కసారి వెళ్తే మొలక బిగుసుకుపోతుంది. నేను మొదటి రెండు రాత్రులు మెట్ల గదిలోనే ఉంచి, పగలు పొద్దుటి ఎండ తగిలేచోట పెడతాను.

బూజు కూడా వస్తుంది. గింజలకి నచ్చిన వాతావరణమే దానికీ నచ్చుతుంది. కోకోపీట్ మీద తెల్లటి నూగు కనిపిస్తే ఆ ట్రే తీసి కాసేపు గాలికి పెడితే చాలావరకు పోతుంది. మొలక మొదలు సన్నబడి, నీరుపట్టి పడిపోతే మాత్రం అది నారుకుళ్లు, ఆ గుంటని చుట్టుపక్కలవాటితో సహా తీసిపారేయాలి. ఒక విడతకీ ఇంకో విడతకీ మధ్య నీళ్లు పారబోసి, లోపలంతా సబ్బునీళ్లతో తుడిచి, తలుపు తీసి ఒకరోజు ఆరబెడతాను. లోపల తేమ ఎంతుందని చిన్న మీటరు పెట్టి చూశాను గానీ 90 దాటాక అది చెప్పే అంకె నమ్మేలా లేదు. తలుపు లోపలి వైపు సన్నటి చెమట పట్టి ఉంటే తేమ సరిపోయినట్టు, ధారలుగా కారుతుంటే ఎక్కువైనట్టు.

గుర్తుల సంగతి. మార్కర్‌తో రాసిన పేర్లు ఆ తేమకి కరిగిపోతాయి. ఐస్‌క్రీమ్ పుల్ల మీద పెన్సిల్‌తో రాస్తే చెరగదు. పుల్లకి బూజు పడితే పట్టొచ్చు, పేరు మాత్రం ఉంటుంది. తులసి, లెట్యూస్ లాంటి కొన్ని గింజలకి మొలవడానికి వెలుతురు కావాలి, వాటిని పైన మట్టి కప్పకుండా చల్లి, ఈ చీకటి పెట్టెలో కాకుండా కిటికీ దగ్గర పెట్టుకోవడమే మేలు.

కరెంటు గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. 100 వాట్లు రాత్రీ పగలూ అంటే బిల్లు పేలిపోతుందని మావారి భయం. హీటర్ ఎక్కువసేపు ఆరిపోయే ఉంటుంది కాబట్టి బాగా చలి ఉన్న రోజు కూడా యూనిట్ లోపే అవుతుంది. అది కూడా జనవరి, ఫిబ్రవరిల్లోనే. పెట్టెకి అయిన ఖర్చు మొత్తం చూస్తే కంట్రోలర్, హీటర్, చిల్లర సామాను కలిపి పన్నెండు వందల లోపు. ఎలక్ట్రీషియన్ కూలి వేరు.

మార్చి తర్వాత ఈ పెట్టెకి పని ఉండదనుకున్నాను. మేలో ధనియాలు వేస్తే అసలు మొలవవు కదా, ఆ వేడికి. లెట్యూస్ అయితే 35 దగ్గర ఒక్క గింజ కూడా మొలవదు. కంప్రెషర్ లేదు గానీ గోడలు ఉన్నాయి. వంటింటి కొత్త ఫ్రిజ్‌లో లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి, పొద్దున మూడు, రాత్రి మూడు చొప్పున అడుగున పెట్టాను. హీటర్ ప్లగ్ పీకేసి, కంట్రోలర్‌ని ఉత్త థర్మామీటర్‌లా వాడుకున్నాను. మెట్ల గది 40లో ఉడుకుతుంటే లోపల 25కి అటూ ఇటూ నిలిచింది. ధనియాలు అరచేత్తో నలిపి బద్దలు చేసి వేశాను, చక్కగా లేచాయి. బయటికి తీశాక మే ఎండలో కొత్తిమీరని బతికించడం వేరే కథ, గ్రీన్ నెట్ కింద సగమే దక్కింది. నా మటుకు, వేసవి కొత్తిమీర కోసం ఇంత అవస్థ పడటం దండగ. జూన్ చివర్లో వేసే క్యాబేజీ, కాలీఫ్లవర్ నారుకైతే ఈ సీసాల పద్ధతి వాడుకోవచ్చు.

ఇప్పుడు బిల్డింగ్‌లో ముగ్గురు నలుగురు మిద్దెతోట వాళ్లు తలా ఒక సగం ట్రే తెచ్చి ఇందులో పెట్టుకుంటున్నారు. ఎవరి కొంకి ముందు కనిపిస్తే వాళ్లకి ఫోన్ చేయడం నా డ్యూటీ అయింది. పాత విత్తనాలు ఇంకా పనికొస్తాయో లేదో చూడటానికి కూడా తెస్తారు. తడి టిష్యూలో పది గింజలు చుట్టి డబ్బాలో పెడితే వారంలో తేలిపోతుంది.

అత్తయ్యతో మాత్రం ఒక తగాదా తేలలేదు. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగదు కదా, 28 డిగ్రీల పెట్టె ఇంట్లో ఉండగా పిండి గిన్నె వంటింట్లో ఎందుకు పెట్టాలన్నది ఆవిడ వాదన. వాదనలో తప్పు లేదు. కానీ కొన్న విత్తనాల్లో చాలావాటికి గులాబీ రంగులో మందు పట్టించి ఉంటుంది. అది శిలీంధ్రనాశిని, విషం. ఆ ట్రేలున్న చోట తినే పిండి పెట్టనిచ్చేది లేదన్నాను. "అట్లయితే నాకొకటి వేరే చేసియ్యి" అన్నారు. మెకానిక్‌కి చెప్పి ఉంచాను, గ్యాస్ నిలవని ఫ్రిజ్ ఇంకేదైనా వస్తే ముందు మాకే చెప్పమని.